లోలా పెట్టెలో మామ్మ లవంగాలు

మా అమ్మ పూజ అల్మరా కింద సొరుగు లాగితే ముందు కర్పూరం వాసన వస్తుంది, ఆ తరవాత అగరొత్తులది, ఆ రెండూ కాస్త సర్దుకున్నాక లవంగాలది. అప్పటికీ సొరుగు ముయ్యకుండా నిలబడే ఓపిక ఉంటే, అన్నిటికన్నా అడుగునుంచి, పిలవని పేరంటానికి వచ్చినట్టు మొహమాటపడుతూ పొగాకు వాసన వస్తుంది. ఆ చివరి రెండు వాసనలూ ఒక చిన్న పెట్టెవి. అరచేతిలో ఇమిడిపోతుంది. చెక్కా కాదు, రేకూ కాదు. ఏదో అడవి తీగని దారమంత సన్నగా చీల్చి చేత్తో అల్లినది. రెండు తొడుగులుగా ఉంటుంది, పైది కిందిదాని మీదికి జారి సరిగ్గా కూర్చుంటుంది. గడ్డిరంగు అల్లిక మీద కాఫీరంగు గళ్ళు. మూలలు మాత్రం చేతులు పడిపడి నునుపుతేలి, నూనె రాసి దువ్విన జుట్టులా నిగనిగలాడుతుంటాయి.

ఈమధ్య ఒక శనివారం డెలవేర్ నది ఒడ్డున పాత సామాన్ల షాపులున్న ఊరికి వెళ్తూ, ఊరికే తెలుసుకుందామని దాన్ని బ్యాగ్‌లో వేసుకెళ్ళాను. షాపాయన భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూసి, ఇది ఫిలిప్పీన్స్‌లో చేత్తో అల్లిన సిగరెట్ కేస్ అనీ, చాలా పాతదనీ, ఇంత సన్నటి పని ఇప్పుడు దొరకదనీ చెప్పాడు. లోపం ఒక్కటే, వాసన. రెండు రోజులు ఎండలో పెట్టి లోపల వంటసోడా పొట్లం ఉంచితే అదీ పోతుందట. ఇంతకుముందు ఇది ఎవరిది, పేరు చెబితే రాసి పెట్టుకుంటాను అన్నాడు. నాకు పేరు తెలీదు. పిల్లలందరం ఆవిణ్ణి లోలా అనేవాళ్ళం, వాళ్ళ భాషలో అమ్మమ్మ అని అర్థం. ఇక సిగరెట్లంటారా, నాకు తెలిసి అందులో ఒక్క సిగరెట్టు కూడా పడలేదు.

మేం అమెరికా వచ్చిన కొత్తలో ప్లెయిన్స్‌బరోలో ఉన్న రోజులవి, రెండువేల మూడు, నాలుగు ప్రాంతం. నాన్నది హెచ్ వన్ వీసా ఉద్యోగం, అమ్మది ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్ ఫోర్ వీసా వంటిల్లు, బెజవాడలో అఆలు దిద్ది వచ్చిన నాది మూడో క్లాసు. ఇటుకరంగు రెండంతస్తుల బ్లాకులు వరసగా ఉండేవి, అన్నీ ఒక్కలాగే ఉండడం వల్ల కొత్తగా వచ్చినవాళ్ళు పక్కింటి తాళంతో కుస్తీ పడుతూ దొరికిపోయేవారు. సాయంత్రం ఏ మెట్ల కింద నిలబడినా ఎవరింట్లో సాంబారో, ఎవరింట్లో కాకరకాయ వేపుడో, ఎవరు నిన్నటి కూర మైక్రోవేవ్ చేసుకుంటున్నారో చెప్పెయ్యగలిగేవాళ్ళం. పోపు వెయ్యబోయే ముందు ప్రతి ఇంట్లోనూ ఒక తంతు ఉండేది: కుర్చీ ఎక్కి సీలింగ్‌కున్న స్మోక్ అలారానికి షవర్ క్యాప్ తొడగడం. మా ఇంట్లో ఆ పని నాది. అక్టోబర్లో ఓక్ కాయలు ఏరుకుని ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు విసురుకోవడం, జనవరిలో మంచు ముద్దలు, తలో వంటా తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో వేపపువ్వు దొరక్క మెంతిపిండి కలిపిన పచ్చడి, వేసవిలో ఐస్‌క్రీమ్ బండి గంట, ఇదీ మా పంచాంగం.

తమ్ముడు పుట్టబోతున్నాడని ఒక ఆగస్టులో మా మామ్మ వచ్చింది. మామ్మంటే నాన్న వాళ్ళమ్మ. శ్రీకాకుళం దాటాక సముద్రపుటొడ్డున జీడితోటల్లో వాళ్ళ ఊరు. ఆవిడ పెట్టెలు విప్పుతుంటే మా అపార్ట్‌మెంట్ కార్పెట్ మీద ఒక కిరాణా కొట్టు వెలిసింది: చోడిపిండి, ఉలవలు, పనసపొట్టు ఎండబెట్టింది, తమ్ముడికి ఆముదం, నాకు కొబ్బరి లౌజు, నాన్నకి ఎండురొయ్యలు. అన్నిటికన్నా అడుగున, పాత నేత చీర ముక్కలో చుట్టి, తాడుతో కట్టి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టుకున్న చుట్టల కట్ట. వాటిని చూడగానే నాన్న నవ్వాడు, అమ్మ నవ్వలేదు.

చుట్ట తాగడంలో విశేషం లేదు, విశేషమంతా తాగే తీరులో ఉంది. మామ్మ చుట్ట వెలిగించి, వెలిగిన వైపే నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసేది. నిప్పు లోపల, తోక బయట. దాన్ని అడ్డపొగ అంటారు. ఆ తీరంలో ఆడవాళ్ళ పద్ధతే అది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా అలా మొదలైందని నాన్న చెప్పేవాడు, అత్తగారికి నిప్పు కనపడకుండా మొదలైందని మామ్మ చెప్పేది. చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేది, ఉలవలు బాగుచేసేది, పుట్టబోయే తమ్ముడికి నలుగు పెట్టడం కూడా ఇలాగేనని కాళ్ళు చాపి చూపించింది, అమ్మ లేచి లోపలికెళ్ళిపోయింది. మొదటిసారి ఆ నిప్పు నోట్లోకి వెళ్ళడం చూసినప్పుడు నేను పరిగెత్తుకెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చాను.

వచ్చిన వారంలోనే ఆ పొగకి అలారం మోగింది. పోపు వేళ కాదు కాబట్టి షవర్ క్యాప్ లేదు. బ్లాకు మొత్తం నైటీలతో, చెప్పుల్లేకుండా పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసింది. అమ్మ పొయ్యి మీద ఏదో మాడిందని అందరికీ సర్దిచెప్పి, లోపలికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. బెజవాడలో ఎమ్మెస్సీ చదివిన మనిషి, అత్తగారు నిప్పు నోట్లో పెట్టుకుంటుందని ఆదివారం పాట్‌లక్‌లో నలుగురికీ తెలిస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సాయంత్రం నాన్న మామ్మని కూర్చోబెట్టి, తన ఊరి యాస కొంచెం బయటికొస్తుండగా చెప్పాడు.

"అమ్మా, చంటిపిల్లాడొచ్చే ఇల్లిది. ఇంకోసారి మోగితే మేనేజ్‌మెంట్ నోటీసిస్తాది. నీకు మానడం అవ్వకపోతే చెప్పీ, టికెట్ బుక్ చేసీస్తాను."

"మానీసినాను," అంది మామ్మ వెంటనే. అంత తొందరగా అన్నప్పుడే నాన్న అనుమానించాల్సింది.

మామ్మకి ఆ టికెట్ మాటంటే గుండెల్లో రాయి పడేది. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు ఎత్తుకునే భాగ్యమంతా బెజవాడ అమ్మమ్మకి దక్కింది. మామ్మ నన్ను చూడ్డానికి బెజవాడ వచ్చేసరికే నేను నడిచేస్తున్నాను. పుట్టబోయే ఈ మనవణ్ణయినా వేలు పట్టి నడిపించాకే విమానం ఎక్కుతానని ఆవిడ ఊళ్ళో అందరికీ చెప్పి వచ్చింది. అలాగని చుట్ట మానడం ఆవిడ వల్ల కాదు. చిన్నప్పటినుంచీ తాగుతోంది, అన్నం తరవాత అది పడకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. మనవడూ కావాలి, చుట్టా కావాలి. చుట్ట వాసన ఏమాత్రం వచ్చినా అమ్మ పసిగట్టేసేది, చీరలకి పట్టిన పాత వాసనేనని మామ్మ అంటే నమ్మి, జనవరి చలిలో కూడా ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచి, దుప్పట్లు కప్పుకుని మమ్మల్ని కూర్చోబెట్టేది.

అందుకని మామ్మ వాకింగ్ మొదలుపెట్టింది. అమెరికాలో అందరూ చేస్తున్నారు కదా అంది. దారి తెలీదని తోడు నన్ను పంపేవారు. మా బ్లాకుల చివర లాండ్రీ రూమ్ ఉండేది, దాని వెనక గోడకి డ్రయర్ల గొట్టాలు, వాటి ఎదురుగా ఒక బెంచీ. గొట్టాల్లోంచి ఎప్పుడూ సబ్బు వాసనతో వెచ్చటి ఆవిరి వస్తూండేది. ఆ ఆవిరిలో చుట్టపొగ కలిస్తే ఎవరికీ కనపడదని మామ్మ ఒక్క చూపులో కనిపెట్టింది.

కాని బెంచీ మీద అప్పటికే ఒకావిడ ఉంది. పొట్టిగా, చామనఛాయగా, తెల్లటి ముడి, పువ్వుల గౌను మీద మగవాళ్ళ స్వెటర్. ఒళ్ళో ఈ అల్లిక పెట్టె. పై తొడుగు లాగి చిటికెనవేలంత చుట్ట ఒకటి తీసింది, అగ్గిపుల్లతో వెలిగించింది, అటూ ఇటూ చూసి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది.

మామ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఓలమ్మ! సూసినావేటే గుంటా? నిప్పు నోపలికెట్టింది. ఈ మనిసి మనోలేనే!"

మా మామ్మ చేసిన తప్పు అదే, జీవితాంతం దిద్దుకోనిదీ అదే. అడ్డపొగ తాగే ఆడమనిషి తన తీరంలో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండదని ఆవిడ నమ్మకం. ఆ ఫిలిప్పీన్స్ ఉత్తరాన, పొగాకు పండే ఊళ్ళలో ముసలమ్మలూ అచ్చం అలాగే తాగుతారని ఆవిడకేం తెలుసు, నాకూ తెలీదు. వెళ్ళి పక్కన కూర్చుని "మీదేవూరమ్మా?" అంది. ఆవిడ తన భాషలో ఏదో అంది. మామ్మ నా వైపు తిరిగి, ఇచ్ఛాపురం అవతల ఒడ్డోళ్ళ, అంటే ఒరియావాళ్ళ, వైపు మనిషనీ, అందుకే తెలుగు సరిగ్గా రాదనీ తేల్చేసింది. ఆ గౌను మాటేమిటని అడిగాను. "గౌనేసుకుంటే దొరసానైపోద్దేటి?" అంది.

ఆవిడే లోలా. మా వెనక బ్లాకులో ఉండే నర్సు టెస్ ఆంటీ వాళ్ళమ్మ. ఆ రోజునుంచి స్కూల్ బస్సు దిగగానే నాకు అదే పని. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవారు, జవాబులు కూడా ఇచ్చుకునేవారు. నడుము నొప్పికీ, కోడళ్ళకీ కూతుళ్ళకీ భాష అక్కర్లేదనుకుంటాను. హాలోవీన్ అయిపోయాక జనం చెత్తడబ్బాల పక్కన పడేసిన గుమ్మడికాయలు చూసి ఇద్దరికీ ఒకేసారి కడుపు మండింది. చెక్కనివి ఏరి చెరో రెండూ పట్టుకెళ్ళారు, ఆ వారమంతా మా ఇంట్లో బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసే. మామ్మ అన్నప్రాసన కబుర్లు చెబితే లోలా తలూపుతూ వినేది. లోలా ఏదో చెబుతూ కళ్ళు తుడుచుకుంటే మామ్మ కూడా తుడుచుకునేది, ఏమిటని నేనడిగితే "పెనిమిటి పోయినాడంట" అనేది. అది నిజమేనని ఎన్నాళ్ళకో తెలిసింది.

ఒకరోజు మామ్మ డజను గుడ్ల అట్టపెట్టెకి ఇంకోదాంట్లోంచి రెండు గుంటలు కోసి అతికించి, వరసకి ఏడు చొప్పున వామనగుంటలు తయారుచేసింది. ఇండియన్ స్టోర్ చింతపండులో దొరికిన పిక్కలన్నీ కూడబెట్టి తెచ్చింది. లోలా ఆ పెట్టె చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. వాళ్ళ దగ్గరా అదే ఆట ఉందట, కాకపోతే గెలిచిన పిక్కలు వేసుకోవడానికి రెండు చివర్లా రెండు పెద్ద గుంటలుంటాయి. అవి మా అట్టపెట్టెకి లేవు. లోలా తన పొగాకు పెట్టె రెండు తొడుగులూ ఊడదీసి, అటొకటి ఇటొకటి పెట్టి, పంచమన్నట్టు చెయ్యి ఊపింది. మామ్మ నావైపు చూసి, "నాను సెప్పనేదూ?" అంది. వామనగుంటలు కూడా వచ్చాక ఇంక ఆ మనిషి ఎవరన్నది ఆవిడ దృష్టిలో తిరుగులేని మాట. డ్రయర్ల ఆవిరిలో, మంచు కుప్పల మధ్య, నోట్లో నిప్పులు పెట్టుకుని ఇద్దరూ పిక్కలు పంచుతుంటే నేను పక్కన చలికాచుకునేదాన్ని. నా చిన్నతనంలో అంత సుఖంగా కూర్చున్న చోటు ఇంకోటి లేదు.

చలికాలం సగంలో మామ్మ చుట్టలు అయిపోయాయి. చివరి చుట్టని మూడు ముక్కలు చేసి తాగి, ఆ మర్నాడు ఉత్త చేతులతో కూర్చుంది. లోలా అది చూసింది. పెట్టె తీసి ముందుకు చాపింది. మర్నాడూ చాపింది. వాళ్ళ ఊరినుంచి పొగాకు ఎవరో పంపేవారు, ఆవిడే చుట్టుకునేది. ఒక శుక్రవారమైతే వారాంతం సరిపడా వేసి పెట్టె పళంగా మామ్మ చేతిలో పెట్టేసింది. మామ్మ సోమవారం దాన్ని తిరిగిస్తూ ఖాళీగా ఇవ్వలేక జీడిపప్పు నింపి ఇచ్చింది. ఆ తరవాతి వారం అది చుట్టలతో పాటు మా తమ్ముడికి చిన్న ఊలు మేజోళ్ళు మోసుకొచ్చింది. అలా ఆ పెట్టె రెండిళ్ళ మధ్యా తిరిగింది, అమ్మ కంటపడకుండా, మామ్మ బొడ్డులో.

మంచు కరిగాక లోలా రావడం మానేసింది. ఒకరోజు, రెండు రోజులు చూశాం. మామ్మ బెంచీ మీద పిక్కలు సర్దుకుని కూర్చునేది, తరవాత మళ్ళీ సంచీలో పోసుకునేది. "ఊరెళ్ళిపోనాదేమో, సెప్పకండా," అంది ఒకసారి, అంతే.

ఒక శనివారం పొద్దున్న మా తలుపు చప్పుడైంది. షవర్ క్యాప్ ఇంకా అలారానికి వేలాడుతోంది, అమ్మ చేతిలో అట్లకాడ ఉంది. బయట టెస్ ఆంటీ, బొమ్మల నర్సు డ్రెస్‌లో, డ్యూటీనుంచి అటే వచ్చినట్టుంది. పోపు వాసన గురించి గొడవకొచ్చిందనుకుని అమ్మ ముందే సారీ చెప్పేసింది. టెస్ ఆంటీ గొడవకి రాలేదు. వాళ్ళమ్మకి అంగిట్లో పుండు పడిందనీ, చిన్నప్పటినుంచీ నిప్పు నోట్లో పెట్టుకోవడం వల్ల వచ్చిన క్యాన్సర్ అనీ, ఆపరేషన్‌లో అంగిలి కొంత తీసేశారనీ చెప్పింది. మాట సరిగ్గా రాకపోయినా మత్తు దిగినప్పటినుంచీ ఒకటే గోల పెడుతోందట: ఆ రెండో ఆవిణ్ణి చూడండి, మా ప్రాంతం ఆవిణ్ణి, ఆవిడ నోరు చూడండి అని.

"మీది మా వైపు ఏ ఊరు?" అని అడిగింది టెస్ ఆంటీ అమ్మని. అమ్మ "ఇండియా" అంది. లోలా కూడా ఆ చలికాలమంతా మామ్మని తన దేశపు మనిషే అనుకుందన్నమాట.

గుట్టంతా బయటపడిందని మామ్మకి అమ్మ మొహం చూస్తేనే తెలిసిపోయింది. తమ్ముణ్ణి ఒళ్ళోంచి దించి మంచం మీద పడుకోబెట్టి, చీర సర్దుకుంది.

"టిక్కెట్టు కొనీమని సెప్పు నీ పెనిమిటితోటి. ఎల్లిపోతాను."

"టికెట్ సంగతి ఎవరడిగారండీ? ముందు నోరు తెరవండి అత్తయ్యగారూ."

"కోడలికి నోరు తెరిసి సూపించడమేటి? నాకేటీ నేదు."

ఆ పట్టు ఎవరూ విడిపించలేకపోయారు. నాన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి తమ్ముడి మీద ఒట్టు పెట్టబోతే మామ్మ ఆయన నోరు నొక్కేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తామంటే సూట్‌కేసు సర్దుకోవడం మొదలుపెట్టింది. నోట్లో ఏదో ఉందని ఆవిడకి తెలుసని ఇప్పుడనిపిస్తుంది. కారం తింటే కళ్ళు మూసుకోవడం, వేడి కాఫీ చల్లార్చుకుని తాగడం నేను చూస్తూనే ఉన్నాను. తమ్ముడు అడుగు వెయ్యకముందే తనని పంపేస్తారన్న భయం ముందు అదేమీ కనపడలేదు ఆవిడకి.

కొన్నాళ్ళకి లోలాయే వచ్చింది. టెస్ ఆంటీ చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ మా అంతస్తు ఎక్కింది. స్వెటర్‌లో సగం మనిషే మిగిలింది. మామ్మ ఎదురెళ్ళి, చెప్పకుండా రావడం మానేస్తావా అని దెబ్బలాడబోయి ఆగిపోయింది. లోలా సోఫాలో మామ్మకెదురుగా కూర్చుని, నోట్లో చెయ్యి పెట్టి, అంగిలి తీసేసిన చోట అమర్చిన, కట్టుడు పళ్ళలాంటి ఒక బిళ్ళ తీసి ఒళ్ళో పెట్టుకుంది. తల వెనక్కి వాల్చి నోరు తెరిచింది. మామ్మ దగ్గరికి జరిగి, వంగి, చాలాసేపు చూసింది. "ఓలమ్మ, ఓలమ్మ" అంటూ లోలా గడ్డం పట్టుకుంది. ఆ తరవాత తనంతట తనే కిటికీ వైపు తిరిగి, వెలుగు పడేలా మొహం ఎత్తి, నోరు తెరిచింది.

టార్చి అమ్మే పట్టుకుంది. నేనూ తొంగిచూశాను. మామ్మ అంగిలంతా పెనానికి అంటుకుపోయిన దోసె చెక్కులా తెల్లగా ఉంది, దాని మీద ఎర్రటి చుక్కలు. ఒక పక్కని చిన్న పుండు. అమ్మ టార్చి ఆర్పి ఫోన్ అందుకుంది.

లోలా ఆ బిళ్ళ మళ్ళీ పెట్టుకుంది. బ్యాగ్‌లోంచి అల్లిక పెట్టె తీసి, తొడుగులు విడదీసి, మిగిలిన నాలుగు చుట్టలూ మా వంటింటి చెత్తబుట్టలో దులిపేసింది. మెడకి కట్టుకున్న గుడ్డతో లోపలా బయటా తుడిచి, మూసి, మామ్మ చేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది. అది లోలా వాళ్ళమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు అల్లించి ఇచ్చినదని టెస్ ఆంటీ మెల్లిగా చెప్పింది.

చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. జవాబు కోసం రోజులు లెక్కపెట్టాం. అమ్మ ఎవరి మీదా కోప్పడలేదు, నాకు అన్నిటికన్నా అదే భయమేసింది. నాన్న ఆఫీస్‌కి వెళ్ళకుండా లాప్‌టాప్ ముందు కూర్చుని ఏమీ చెయ్యకుండా ఉండేవాడు. మామ్మ మాత్రం ఎవరూ చెప్పకుండానే చుట్ట మానేసి, తమ్ముణ్ణి గోడ పట్టుకుని నిలబెట్టడానికి పొద్దస్తమానం తంటాలు పడింది. తనకి టైమ్ లేదనుకుందేమో. ఫోనొచ్చిన రోజు అమ్మే తీసింది. అవతలి మాట విని, పెట్టేసి, వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. క్యాన్సర్ కాలేదనీ, కాని అయ్యే దారిలో ఉందనీ, ఇంక ఒక్క చుట్ట కూడా ముట్టకపోతే చాలావరకు మానిపోతుందనీ చెప్పింది. టికెట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వీసా ఇంకో ఆరు నెలలు అప్పటికే పొడిగించారు, అది పూర్తయ్యేదాకా ఉండమని అమ్మే అడిగింది.

మానడం చెప్పినంత సులువు కాదు. అన్నం తిన్నాక మామ్మ చేతులు వాటంతట అవే బొడ్డు దగ్గరికి వెళ్ళేవి. ఆ పెట్టె ఖాళీగా ఉండకూడదంటూ నాచేత పోపులపెట్టె తెప్పించి లవంగాలు నింపించింది. తొడుగు లాగి ఒక లవంగం తీసి, అటూ ఇటూ చూసి, మొగ్గవైపు లోపలికి, తోక బయటికి పెట్టుకుని పెదాలు మూసేది. చూసి అమ్మ నవ్వాపుకోలేకపోయేది. ఆదివారం ఆదివారం ఆ పెట్టెలో లవంగాలు నింపడం అమ్మ తన పనిగా పెట్టుకుంది. ఒకసారి ఇండియన్ స్టోర్‌లో మంచి లవంగాలు లేవని నాన్నని అరగంట దూరంలో ఉన్న ఎడిసన్ దాకా పంపింది. బెంచీ దగ్గర వామనగుంటలు మళ్ళీ సాగాయి, పొగ మాత్రం లేదు. పాట్‌లక్ ఆంటీ ఒకావిడ, ఆ ఫిలిపినో ఆవిడతో మీ అత్తగారికి ఏం స్నేహమని అడిగితే, అమ్మ గొంతు తగ్గించకుండా చెప్పింది: "ఇద్దరూ అడ్డపొగ తాగేవాళ్ళండి."

లోలా ఇచ్ఛాపురం మనిషి కాదనీ, ఫిలిప్పీన్స్ అనే వేరే దేశమనీ అమ్మ ఒకసారి అట్లాస్ తెరిచి చూపించింది. "మన తీరాన ఆ పేరుతోటి ఊరేటీ నేదు. నీకు తెల్దు," అంది మామ్మ.

తమ్ముడు మొదటి పుట్టినరోజుకి ముందే నడిచాడు. మా ఇంట్లో కాదు, లాండ్రీ రూమ్ వెనక బెంచీ దగ్గర, మామ్మ చిటికెనవేలు వదిలి లోలా దగ్గరికి. బెంచీ అంత దూరమే. ఇద్దరూ అరిచిన అరుపులకి బట్టలు మడతపెడుతున్నవాళ్ళు బయటికొచ్చి చూశారు. ఆ నెలాఖరున మామ్మ ఊరెళ్ళిపోయింది. వెళ్ళేముందు పెట్టె తిరిగివ్వబోతే లోలా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

ఆ తరవాతి శీతాకాలంలో లోలా పోయింది. టెస్ ఆంటీ వాళ్ళమ్మని సొంతూరికి తీసుకెళ్ళింది. నాన్న ఫోన్‌లో మామ్మకి చెప్పలేక అమ్మకి ఇచ్చాడు. స్పీకర్‌లో మామ్మ వెనకనుంచి సముద్రం హోరు వినిపించింది.

"ఏ ఊరు తీసికెల్లినారు? మనూరికి దగ్గరేనా?"

అమ్మ చేతిలో అట్లాస్ లేదు. "దగ్గరేనండి అత్తయ్యగారూ," అంది. "మీ పక్కనే, ఆ సముద్రం ఒడ్డునే."

"నాను సెప్పనేదూ," అంది మామ్మ.

మామ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది, తమ్ముడికి మీసాలు మొలిచేదాకా. మళ్ళీ చుట్ట ముట్టలేదని నాన్న నమ్మకం. నా నమ్మకం కూడా అదే. ఆవిడ పోయినప్పుడు నాన్న ఒక్కడే వెళ్ళి, ఈ పెట్టె ఒక్కటే తెచ్చాడు. లోపల ఎండిన లవంగాలూ, అడుగున ఇరుక్కుపోయిన ఒక చింతపిక్కా ఉన్నాయి. మేం ఇల్లు కొనుక్కుని అక్కణ్ణుంచి వచ్చేశాం. ఈమధ్య అటు వెళ్ళినప్పుడు చూశాను, ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ వాషర్లు పెట్టేశారట, లాండ్రీ రూమ్ తీసేసి కార్లు ఛార్జింగ్ పెట్టుకునే చోటు చేశారు. బెంచీ లేదు. తీరంలో కూడా ఇప్పటి ఆడపిల్లలు అడ్డపొగ తాగడం లేదని నాన్న అంటాడు, అది మంచిదే. టెస్ ఆంటీ ఎక్కడుందో మాకు తెలీదు, అందుకే ఆ షాపాయనకి ఇప్పటికీ పేరు చెప్పలేను.

మొన్న ఆదివారం అమ్మ బీన్స్ తరుగుతుంటే ఆయన చెప్పినదంతా చెప్పాను, ఎండలో పెట్టడం, వంటసోడా, వాసన పోవడం. అమ్మ చేతులు తుడుచుకుని పెట్టె తీసుకుంది. తొడుగు ఒక్క వేలంత మాత్రం పైకి లాగి, కళ్ళు మూసుకుని వాసన చూసింది. జనవరి చలిలో కిటికీలన్నీ తెరిచిన మనిషి ఆవిడే. నేనూ చూద్దామని తీసుకుని, తొడుగు మొత్తం ఊడదీసేశాను.

"మూసెయ్యవే," అంది అమ్మ గాభరాగా, నా చేతుల్లోంచి లాక్కుంటూ. "అంతా పోద్ది."